మెడికల్‌లో ఫెయిలైన బ్రూస్ లీ

నేను భర్తీ అయిన కొత్తలో మా బారక్‌లో ట్రంకు పెట్టె మూత తెరిస్తే, దేవుడి పటం పక్కన బ్రూస్ లీ బొమ్మ ఉండేది. నా పెట్టెలోనూ ఉండేది. ఊళ్లో వీడియో పార్లర్‌లో ‘ఎంటర్ ది డ్రాగన్’ చూసొచ్చి, రెండు కర్రముక్కలకు గొలుసు కట్టి తిప్పబోయి నుదురు పగలగొట్టుకున్న తరం మాది.

ఆయన 1940 నవంబరు 27న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తండ్రి చైనా సంగీత నాటకాల నటుడు. నాటక బృందంతో అక్కడికి వెళ్లినప్పుడు ఈ బిడ్డ కలిగాడు. పెరిగింది మాత్రం హాంకాంగ్‌లో. ఇప్ మాన్ గురువు దగ్గర వింగ్ చున్ విద్య నేర్చుకున్నారు. 1958లో చా-చా డాన్సు పోటీలో ఛాంపియన్ కూడా! ఆ అడుగులే తర్వాత ఫైట్లలో కనిపిస్తాయని నా నమ్మకం. 1959లో అమెరికా వెళ్లి, సియాటిల్‌లో హోటల్లో పనిచేస్తూ చదువుకున్నారు.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1963లో అమెరికా సైన్యం మెడికల్‌లో ఆయన్ని అన్‌ఫిట్ అన్నారు. అంతటి మనిషిని!

అసలు దెబ్బ 1970లో తగిలింది. వార్మప్ లేకుండా భుజాల మీద బరువు పెట్టుకుని వంగితే నడుం దగ్గర నరం దెబ్బతింది. ఇక కిక్ కొట్టడం కుదరదన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచమే. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, భార్య లిండా పనికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన పడుకునే నోటుబుక్కులు నింపారు. ఆ రాతలే 1975లో ‘టావో ఆఫ్ జీత్ కునే డో’ పుస్తకమయ్యాయి.

నాకూ సర్వీసులో నడుం పట్టేసి లో మెడికల్ కేటగిరీ పడింది. బయట పీటీ విజిల్ వినిపిస్తుంటే లోపల మంచం మీద పడుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. ఆ రోజుల్లోనే ఈ కథ చదివాను. పెట్టెలోని బొమ్మలో కండలు చూసేవాణ్ణి, అప్పట్నుంచి ఆ నోటుబుక్కులు గుర్తొచ్చేవి.

మనం చూసి ఈలలు వేసిన పెద్ద సినిమాలన్నీ ఆ దెబ్బ తర్వాతవే. 1971లో ‘ది బిగ్ బాస్’, 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ది డ్రాగన్’. నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. 1973 జూలై 20న హాంకాంగ్‌లో మెదడు వాచి కన్నుమూశారు. వయసు 32. ‘ఎంటర్ ది డ్రాగన్’ అమెరికాలో విడుదలైంది ఆ తర్వాతి నెలలో.

మొన్న మా అబ్బాయి ఫోన్లో ఆ సినిమా పెట్టాడు. నడుం బెల్టు కట్టుకుని, అద్దాల గది ఫైటు అయ్యేదాకా నేనూ కదల్లేదు.