కర్నల్ మెకంజీ దొర – మన ఊళ్ల కైఫియతులు



ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వారిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని గురించి ఎందరో వ్రాశారు, ఇంకా వ్రాస్తారు. నేను మాత్రం మన గడ్డ మీద పుట్టనివాడు, మన భాషల్లో ఒక్కటీ రానివాడు అయివుండి కూడా మన ఊళ్ల కథలను కాగితం మీదికి ఎక్కించిన ఒక మనిషిని గురించి వ్రాయదలచాను. ఆయన కర్నల్ కాలిన్ మెకంజీ. భాష, గణితం, ప్రకృతి శాస్త్రం అని ఈనాడు విశ్వవిద్యాలయాల్లో వేరు వేరు భవనాల్లో చదువుకునే విద్యలు ఆయన కచేరీలో ఒకే బల్ల మీద ఉండేవి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు మనవంటి గుమాస్తాలే.

స్కాట్లండుకు పడమర సముద్రంలో ల్యూయిస్ అనే దీవి ఉంది. అక్కడి స్టోర్నోవే అనే రేవు ఊళ్లో 1754 ప్రాంతంలో మెకంజీ పుట్టాడు. తండ్రి వర్తకుడు, ఆ ఊరి పోస్టుమాస్టరు కూడా. కుమారుడు మొదట చేసింది అదే రేవులో కస్టమ్స్ ఉద్యోగం. అంటే లెక్కలు, రశీదులు, రిజిస్టర్ల పని. ముప్పై ఏళ్లు దగ్గర పడుతుండగా ఆ పని వదిలి 1783లో మద్రాసు చేరి కంపెనీ సైన్యంలో కేడెట్టుగా ప్రవేశించాడు. మూడేళ్లకు ఇంజనీర్ల విభాగానికి మారాడు.

ఆ వయసులో అంత దూరం రావడానికి ఒక గణిత విషయం కూడా కారణం. 1614లో లాగరిథమ్ అనే లెక్కల పద్ధతిని ప్రకటించిన జాన్ నేపియర్ కూడా స్కాట్లండువాడే. ఆ వంశంవారు నేపియర్ జీవితచరిత్ర తయారు చేస్తూ, హిందువులకు ఇటువంటి గణిత పద్ధతులు ఏమైనా ఉండేవా అని తెలుసుకోగోరారు. ఆ సమాచారం సేకరించే పని మెకంజీ మీద పడింది. మధురలో ఉన్న నేపియర్ వంశపు ఆడపడుచు ఒకామె ఇంట్లో ఆయన అక్కడి పండితులను కలుసుకున్నాడు. లాగరిథమ్ అంటే గుణకారాన్ని కూడికగా మార్చే ఉపాయం. నూరులో రెండు సున్నాలు, వెయ్యిలో మూడు సున్నాలు. రెంటినీ హెచ్చవేయాలంటే రెండు, మూడు కలిపితే ఐదు సున్నాలు, అంటే లక్ష. ఇదే ఉపాయాన్ని అన్ని అంకెలకూ పట్టికలుగా వేసి పెడితే గంటల తరబడి చేసే గుణకారం నిమిషాల్లో కూడికగా తేలుతుంది. సర్వే పనికి ఇది ప్రాణం.

పండితులతో ఆ పరిచయం మెకంజీ మనసులో నిలిచిపోయింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే. 1792లోనూ, 1799లోనూ శ్రీరంగపట్నం ముట్టడుల్లో ఇంజనీరుగా పనిచేశాడు. ఆయన గీసిన పటాలు కంపెనీవారి ఫిరంగులు కదలడానికి, తర్వాత శిస్తులు కట్టడానికి ఉపయోగపడ్డాయి. దాన్ని దాచి ఆయన్ను దేవుణ్ణి చేయనక్కరలేదు. రెండు యుద్ధాల మధ్య నిజాం రాజ్యంలోనూ, మన వైపూ సర్వే చేస్తూ 1794లో శ్రీశైలం వచ్చాడు. గుడి ప్రాకారం మీద చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు చూసి వ్రాసిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి గ్రంథంలో అచ్చయింది. శ్రీశైలాన్ని పర్వతం అనే మనవాళ్ల వాడుక అందులో ఇంగ్లీషు అక్షరాల్లో వింతగా కనబడుతుంది.

అటు తర్వాత ఆయన దశ మారింది. అందుకు కారకుడు ఏలూరులో పుట్టిన కావలి వెంకట బొర్రయ్యగారు. ఇరవై ఏళ్ల యువకుడు. సంస్కృతం, తెలుగుతో బాటు పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు నేర్చినవాడు. దొరకు భాషలు రావు, ఈయనకు వస్తాయి. దొర కొలతల వెంట పోతే ఈయన ఊరి పెద్దల వద్ద కూర్చుని శాసనం ఎక్కడుంది, కవిలె ఎవరింట్లో ఉంది అని ఆరా తీసేవారు. హిందూ దేశపు విద్యల వాకిలి తనకు తెరిచింది బొర్రయ్యే అని మెకంజీ తర్వాతి కాలంలో వ్రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. పై అధికారి ఆ మాట కాగితం మీద పెట్టడం ఎంత అరుదో సర్వీసు చేసినవారికి చెప్పనక్కరలేదు. బొర్రయ్య 1803లో ఇరవై ఏడైనా నిండకుండానే కాలం చేశారు. ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం ఏషియాటిక్ సొసైటీవారు ఆయన పేరుతోనే అచ్చు వేశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చారు. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో వ్రాసి 1829లో ప్రకటించారు.

టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే మెకంజీకి అప్పగించారు. భూమి కొలవడం ఒక్కటే కాక నేల, పంటలు, ఖనిజాలు, చెట్లు, రోగాలు, జనం, భాషలు, దేవాలయాలు అన్నీ విచారించాలని ఆయన పథకం. ప్రకృతి శాస్త్రానికి వైద్యుడైన బెంజమిన్ హైన్ ఉండేవాడు. మన బనగానపల్లె వజ్రాల గనులను చూసి వ్రాసినవాడు ఈ హైనే. ఆ వ్రాతలు 1814లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. తొలకరి వాన పడగానే చేలలో రాళ్లు వెతికే మనవాళ్ల సంగతి నేటికీ పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. హైన్ తర్వాత కొంతకాలం జాన్ లేడన్ అనే మరో డాక్టరు వచ్చాడు. ఆయన వైద్యంకన్నా భాషల మీద ఎక్కువ మక్కువ ఉన్నవాడు. కానీ పైనున్న డైరెక్టర్లకు ఇదంతా దుబారాగా తోచి సిబ్బందిని, భత్యాలను తగ్గించారు. బడ్జెట్ కోత కొత్త సంగతి కాదన్నమాట. మెకంజీ స్వంత జేబు నుండి జీతాలిచ్చి వ్రాతగాళ్లను నిలుపుకున్నాడు.

1800లో నిజాం మన సీమను కంపెనీకి వదిలాడు. మన్రో దొర పొలాలు గొలుసుతో కొలిపించి శిస్తు కట్టారు. దేశం మొత్తాన్ని పటంగా తీసే సర్వే మెకంజీ చేతుల్లో 1809 ప్రాంతంలో మొదలై 1815కు ముగిసింది. ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. కోవెలకుంట్ల కంపెనీవారి కడప జిల్లాలో ఉండేది. నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్న సిరివెళ్ల తాలూకా మాత్రం 1839 వరకు కర్నూలు నవాబు కింద ఉండేవి. ఈ ముక్కలన్నీ ఒక్క కర్నూలు జిల్లాగా కలిసింది 1858లో. మళ్లీ 2022లో నంద్యాల జిల్లాగా విడిపోయాం.

కొలిచే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. మట్టమైన చోట ఒక గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొసల నుండి దూరాన ఒక గుట్ట మీది జెండాను చూసి కోణాలు పట్టుకుంటారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలోనే తేలుతాయి, గుట్ట దాకా నడిచి కొలవనక్కరలేదు. ఆ భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. కొలిచేవాడు ఒకడైతే లాగరిథమ్ పట్టికలు ముందర పెట్టుకొని లెక్కగట్టేవాళ్లు వేరు. తర్వాతి కాలంలో సర్వే శాఖలో ఆ లెక్కలవాడి ఉద్యోగం పేరే కంప్యూటర్. 1831లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ యువకుడు చేరింది ఆ పోస్టులోనే. కంప్యూటర్ అంటే యంత్రం అని మన మనవళ్లు అనుకుంటారు, మొదట అది మనిషి.

పటంలో గీత పడ్డంత మాత్రాన ఊరు తెలియదు. అందుకని మెకంజీ గుమాస్తాలు ఊరూరా తిరిగారు. గ్రామ కరణాల ఇళ్లలో తరతరాల దండకవిలెలు ఉండేవి. వాటిని చూసి ఊరి పేరు ఎలా వచ్చింది, ఎవరు కట్టించారు, ఏ రాజు కాలంలో ఎవరికి మాన్యం ఇచ్చారు, చెరువు ఎవరు త్రవ్వించారు, పొలిమేర గుర్తు ఏ చెట్టు, ఏ బండ అని వ్రాసుకున్నారు. అవే కైఫియతులు. కరణం చెప్పిన పుక్కిటి కథ, కంటికి కనిపించే శాసనం రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి. మన అహోబిలానికీ కైఫియతు ఉంది. ప్రతాపరుద్రుడు రుద్రవరంలో దిగి శివుని బంగారు ప్రతిమ పోత పోయిస్తే అది నరసింహస్వామిగా తేలిందని మన పెద్దలు చెప్పే కథ. 1579లో గోల్కొండ సేనలు అహోబిలం పట్టుకున్న సంగతి, కొన్నేళ్లకు శ్రీరంగరాయల కాలంలో విడిపించిన సంగతి శాసనం మీదున్న మాట. మొదటిది నమ్మకం, రెండవది సాక్ష్యం. ఈ వ్రాతగాళ్లు కథను కథగా, శాసనాన్ని శాసనంగా ఎత్తి వ్రాశారు. ఎంచుకునే పని తర్వాతివారికి వదిలారు. నా ఉద్దేశంలో అదే సరైన పద్ధతి.

ఇంకొక సంగతి. 1811లో మెకంజీ జావా దండయాత్రకు వెళ్లాడు. ఆయన లేని ఆ సంవత్సరాల్లోనూ మన సీమలో సర్వే ఆగలేదు, కైఫియతుల సేకరణ ఆగలేదు. లక్ష్మయ్యగారు కచేరీ నడిపారు. 1815లో మెకంజీ భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1817లో కలకత్తా వెళ్తూ కట్టలన్నిటినీ, కొందరు పండితులనూ వెంట తీసుకుపోయాడు. తీరికగా కూర్చుని క్రోడీకరించాలనుకున్నాడు. ఆ తీరిక దొరకలేదు. 1821 మే 8న కలకత్తా దగ్గర నది మీద ప్రయాణంలో చనిపోయాడు. పెన్షను తీసుకొని వ్రాయడానికి కూర్చునే భాగ్యం ఆయనకు లేకపోయింది.

భార్య నుండి ఆ సేకరణను కంపెనీవారు లక్ష రూపాయలకు కొన్నారు. 1828లో విల్సన్ దొర వేసిన జాబితా ప్రకారం వ్రాతప్రతులు 1,568, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. ఈ లెక్కలో గ్రామాల వృత్తాంతాలు, బొమ్మలు చేరలేదు, అవి వేరే వేలల్లో ఉన్నాయి.

ఇక లక్ష్మయ్యగారి మాట. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనిలో ఉన్నవాడు, ఏ కట్టలో ఏముందో ఎరిగినవాడు. మిగిలిన సేకరణ తాను పూర్తిచేస్తానని 1830లలో అర్జీ పెట్టుకున్నారు. ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి ప్రిన్సెప్, బ్రాహ్మీ లిపి చదివిన మహా పండితుడే, దానికి ఒప్పుకోలేదు. విమర్శనాత్మక పరిశోధన దేశీయుల వల్ల కాదని అభిప్రాయపడ్డారు. పని విలియం టేలర్ అనే పాదరీకి అప్పగించారు. ఎందరి చేతనో పని చేయించినవాడు ఒక్క సంతకంతో పనికిరానివాడయ్యాడు. ఇది చదివిన నాడు నాకు అన్నం సహించలేదు.

కాగితాలు మద్రాసు చేరి చెదలు పట్టిపోతుంటే సి.పి. బ్రౌన్ దొర చాలావాటికి తిరిగి నకళ్లు వ్రాయించారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి ఈ సేకరణే ఒక పునాది. కడప జిల్లా కైఫియతులు కడపలోని బ్రౌన్ గ్రంథాలయం పూనికతో సంపుటాలుగా అచ్చయ్యాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు మన వైపు ఎన్ని ఇళ్లలో కవిలెలు అటకెక్కి అక్కడే పొడి అయ్యాయో మనలో రెవెన్యూలో పనిచేసినవారికి తెలుసు. ఏ సభ్యుని ఇంట్లోనైనా అటువంటి కట్ట ఉంటే పారవేయక సంఘం కార్యాలయానికి తెలియజేయవలసిందిగా మనవి.

1816లో మద్రాసులో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ వేశాడు. అది ఇప్పుడు లండన్‌లో ఉంది. ఎర్రకోటు దొరతో బాటు ముగ్గురు మనవాళ్లు నిలబడి ఉన్నారు. తాటాకుల కట్ట పట్టుకున్నవారు జైన పండితులు ధర్మయ్య. ఇంకొకరు లక్ష్మయ్యగారని అంటారు. దుర్భిణి పట్టుకుని నిలబడ్డ జవాను పేరు కృష్ణాజీ.