అడగకముందే అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు

ఈ ఏడాది నివేదికలో ఒక గొప్ప మనిషి గురించి రాయమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది డొక్కా సీతమ్మగారు. మన పిల్లలు బడిలో తినే మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. పేరు రోజూ వింటున్నాం గానీ ఆవిడ ఎవరో మనలో చాలామందికి తెలీదు.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టేవారని తండ్రిని ఊళ్ళోవాళ్ళు బువ్వన్న అని పిలిచేవారట. తల్లి చిన్నతనంలోనే పోవడంతో వంటింటి భారం, వడ్డించే పని ఈ పిల్ల మీదే పడ్డాయి. బడికి వెళ్ళి చదువుకున్నది లేదు. ఆకలి ఎలా ఉంటుందో, ఆకలితో వచ్చినవాడితో ఎలా మాట్లాడాలో మాత్రం ఆ ఇంట్లోనే నేర్చుకున్నారు.

తర్వాత లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్నగారితో పెళ్ళయింది. ఆ ఊరు కోనసీమలో, గోదావరి పాయ అయిన వైనతేయ పక్కన ఉంది. అప్పట్లో అక్కడ హోటల్ లేదు. జనం పడవ దాటాలి, లేకపోతే నడవాలి. అంతర్వేది తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళివారు, కూలి కోసం పోయేవాళ్ళు ఆ దారినే వెళ్ళాలి. అలా వచ్చినవాళ్ళందరికీ సీతమ్మగారి ఇల్లే భోజనశాల అయింది. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి పొయ్యి వెలిగించేవారు. కులం అడిగేవారు కాదు. జోగన్నగారు కూడా అడ్డు చెప్పలేదు. పొలంలో పండింది ఇంటికొచ్చేది, ఇంటికొచ్చింది విస్తట్లోకి వెళ్ళేది.

ఆవిడ గురించి ఒక సంగతి అందరూ చెప్పుకుంటారు. ఎన్నో ఏళ్ళకి ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారు. దారిలో ఒక పెళ్ళిబృందం ఆకలితో ఉన్న పిల్లల్ని ఊరుకోబెడుతూ, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుందని మాట్లాడుకోవడం ఆవిడ చెవిన పడింది. వెంటనే వెనక్కి తిరిగారు. వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి వంట మొదలెట్టారు. మొక్కు ఆగినా ఫరవాలేదు, పిల్లల ఆకలి ఆగదు అనుకున్నారన్నమాట.

ఆవిడ పేరు ఇంగ్లండు దాకా పోయింది. 1903లో ఎడ్వర్డు రాజుగారి పట్టాభిషేక ఉత్సవాలకి పిలుపొస్తే వెళ్ళలేదని, పేరు కోసం తను అన్నం పెట్టడం లేదని చెప్పారని అంటారు. 1909లో కన్నుమూశారు. ఇప్పుడు గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టుకి ఆవిడ పేరే ఉంది.

ఇదంతా గోదావరి కథ, మనకెందుకు అనుకోవద్దు. మన వైపు 1864 బందరు ఉప్పెన, 1977 దివిసీమ ఉప్పెన ఎలాంటి ఆకలి చూపించాయో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఉప్పెన రాకపోయినా మన పెడనలో వాన పట్టిందంటే మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి, కలంకారీ బట్ట ఎండదు. పని ఆగిందంటే కూలి ఆగినట్టే.

పోయిన వానాకాలం మా గ్రూపులో ఒక చెల్లెలు రెండు మీటింగులకి రాలేదు. వాయిదా ఎగ్గొట్టడానికే అనుకున్నాం. నేనూ అలాగే అన్నాను. ఇంటికెళ్ళి చూస్తే పొయ్యి వెలగలేదు. అడగడానికి సిగ్గుపడిందట. ఆ రోజు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తలా ఒక గ్లాసు బియ్యం, కాస్త కందిపప్పు పోగు చేసి ఇచ్చాం. తర్వాత చూస్తే రేషన్ కార్డులో చిన్నపిల్ల పేరే లేదు. సచివాలయంలో అర్జీ పెట్టించాం. పిల్లని అంగన్‌వాడీలో చేర్పించాం.

అప్పట్నుంచి మా గ్రూపు ఒక పద్ధతి పెట్టుకుంది. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీస్తాం. వారం మీటింగుకి తెచ్చి ఒక డబ్బాలో పోస్తాం. వాయిదా లెక్క కంటే ముందు, రానివాళ్ళు ఎందుకు రాలేదో కనుక్కుంటాం. ఎవరికిచ్చామో పుస్తకంలో పేరు రాయం, ఎంత ఇచ్చామో మాత్రం రాస్తాం.

కార్డులో పేరు లేనివాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, గర్భిణీలు మీ వీధిలో ఎవరున్నారో ప్రతి గ్రూపు ఒకసారి చూడండి. రేషన్, అంగన్‌వాడీ, బడి భోజనం మనకి హక్కుగా వచ్చేవి. అవి అందేలోపు పొయ్యి ఆరకుండా చూడటం మన పని. సీతమ్మగారికి పొలాలున్నాయి, మనకి లేవు. కానీ ఆవిడ ఒక్కరే, మనం గ్రూపుకి పదిమందిమి ఉన్నాం.