లారీ ఆగిపోతే గుర్తొచ్చే మనిషి: రాబర్ట్ బాష్

మా మామయ్య పాత డీజిల్ లారీ మొన్న సెలవుల్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. మెకానిక్ ఫిల్టర్ మార్చాడు, ఎయిర్ తీశాడు. అయినా గతుకు రాగానే మళ్లీ ఆగేది. చివరికి దొరికింది: పంపు దగ్గర డీజిల్ ఆపే సోలినాయిడ్‌కి వెళ్లే వైరు లూజు. కరెంటు పోతే డీజిల్ పోదు, ఇంజిన్ ఆగిపోతుంది. కోడ్‌లో బగ్ ఒక చోట, ఎర్రర్ ఇంకో చోట వచ్చినట్టే! ఈ కరెంటు, డీజిల్ రెండింటిలోనూ జీవితం గడిపిన మనిషి ఒకాయన ఉన్నాడు, రాబర్ట్ బాష్.

1861లో జర్మనీలోని ఉల్మ్ దగ్గర ఆల్బెక్ అనే ఊళ్లో పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో పదకొండోవాడు. నాన్న సత్రం నడిపేవాడు. ఉల్మ్‌లో మెకానిక్ పని నేర్చుకోవడానికి చేరాడు కానీ అక్కడ సరిగా నేర్పినవాళ్లు లేరు. తర్వాత అమెరికా వెళ్లి ఎడిసన్ సంస్థలో, ఇంగ్లండ్‌లో సీమెన్స్‌లో పని చేశాడు.

1886లో స్టట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. మొదటి ఏళ్లు కష్టంగానే గడిచాయి, అప్పులు చేయాల్సి వచ్చింది. 1887లో ఒక కస్టమర్ అడిగితే ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో చేశాడు. అది ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే ఉన్నదాన్ని మెరుగుపరిచాడు. 1897లో దాన్ని బండికి సరిపోయేలా మార్చారు. 1902లో ఆయన ఇంజినీరు హోనోల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటో తెచ్చాడు. 1913లో లైట్లు, ఆ తర్వాత సెల్ఫ్ స్టార్టర్లు వచ్చాయి.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ మండుతుంది. అందుకే సరైన క్షణంలో సరైన కొలతలో డీజిల్ చిమ్మాలి. రుడాల్ఫ్ డీజిల్ 1913లోనే చనిపోయాడు. ఆయన పద్ధతిలో డీజిల్ చిమ్మడానికి బరువైన కంప్రెసర్ కావాలి, అది లారీకి కుదరదు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుల్ని పెద్ద సంఖ్యలో తయారు చేయడం మొదలుపెట్టాక డీజిల్ లారీలకు దారి సులువైంది.

1906లోనే ఆయన తన కార్మికులకు ఎనిమిది గంటల పని ఇచ్చాడు. అయినా 1913లో ఆయన ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వచ్చిన లాభాల్లో పెద్ద భాగం దానంగా ఇచ్చేశాడు. హిట్లర్ కాలంలో యూదులకు సాయం చేశాడు, హిట్లర్ వ్యతిరేకులకు అండగా నిలిచాడు. కానీ అదే కంపెనీ యుద్ధానికి సామాన్లు తయారు చేసింది, బలవంతపు కూలీలతో పని చేయించింది. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు. 1942 మార్చి 12న స్టట్‌గార్ట్‌లో చనిపోయాడు.

నాకు నచ్చింది ఏంటంటే, ఆయన గొప్పతనం కొత్తది కనిపెట్టడంలో లేదు, ఆగకుండా నడిచేలా చేయడంలో ఉంది. మనం ప్రాజెక్టుల్లో డెమో రోజుకి నడిస్తే చాలనుకుంటాం. మామయ్యకి మాత్రం గతుకుల్లో కూడా లారీ నడవాలి కదా!