డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో అతడు నాలుగవవాడు. ఇంట కలిమి లేదు. చిన్నతనమున అతనికి చదువుపైకన్న ధనార్జనపై మక్కువ మెండుగా నుండెను. కాశికి పోయి, గంగాస్నానమునకు వచ్చు యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావలెనని తలచి, ఒకనాడు ఇల్లు విడిచి పోయెను. పెద్దలు త్రోవలోనే పట్టుకొని ఇంటికి చేర్చిరి. వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. కుమారుడు చదివి తీరవలెనని ఆమె నిశ్చయము. రాజమహేంద్రవరమున చదువు సాగక, మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు మారులు తప్పిన సుబ్బారావు మూడవమారు మదరాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. తరగతిలో ముందుండువారికే విజ్ఞానశాస్త్రము వశమగునని తలచువారు ఈ సంగతిని గమనింపదగును.

పిమ్మట అతడు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. ఆ దినములలో రామకృష్ణమఠము వారి సేవాకార్యములు అతని మనస్సు నాకర్షించెను. సన్న్యసించి మఠమున చేరుదునని అతడు కోరగా, తల్లి యంగీకరింపలేదు. వైద్యము నేర్చి ప్రజలకు సేవ చేయుట మేలని మఠమువారును హితవు చెప్పిరి. ఆ విధముగ అతడు మదరాసు వైద్యకళాశాల విద్యార్థి యయ్యెను. 1919వ సంవత్సరమున కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో అతనికి వివాహము జరిగెను. వైద్యవిద్యకగు వ్యయమును మామగారు చాలవరకు భరించిరి.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావు శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు వస్త్రమునే ధరించి నిలిచెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలయందు చక్కగా నెగ్గినను, సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా అంతకు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకలేదు. మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు ఆయన కొంతకాలము గడపెను.

ఇంతకుముందే ఆ యింట నొక విపత్తు సంభవించియుండెను. ఉష్ణదేశములలో కానవచ్చు స్ప్రూ అను వ్యాధి యొకటి కలదు. అది మన వైద్యులు గ్రహణి యనుదానివంటిది. తిన్న ఆహారము ఒంటబట్టక, నోరు పూసి, రక్తము క్షీణించి, రోగి దినదినము కృశించిపోవును. సుబ్బారావు సోదరుడు పురుషోత్తము ఆ వ్యాధికి బలియయ్యెను. స్వల్పకాలములోనే మఱొక సోదరుడు కృష్ణమూర్తియు కన్నుమూసెను. తుదకు సుబ్బారావునకును ఆ జబ్బు సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేదౌషధములతో ఆయనను బ్రతికించిరి. ఆ రోగమునకు మూలకారణమేమో, దానిని కుదుర్చు పదార్థమేదో అప్పటికి ప్రపంచమున నెవ్వరును ఎరుగరు. తెలిసికొనవలెనన్న తపన సుబ్బారావును విడువలేదు.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు చేసిన ధనసహాయముతో ఆయన అమెరికాకు ప్రయాణమై, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశము దొరకెను గాని, చేతిలోని సొమ్ము త్వరలోనే కరగిపోయెను. వైద్యుడయ్యును ఆయనకు అచట వైద్యము చేయు అధికారము లేదు. అందుచేత పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా చేరి, రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచి, దానివలన వచ్చిన కూలితో పగలు చదువుకొనెను. ఆయన వెడలిన పిమ్మట స్వదేశమున నొక కుమారుడు కలిగి, శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

డిప్లొమా పొందిన తరువాత సుబ్బారావు హార్వర్డు జీవరసాయనశాస్త్ర శాఖలో ప్రవేశించెను. అచట సైరస్ ఫిస్కె అను శాస్త్రజ్ఞుని కడ పరిశోధన సహాయకుడుగా పనిచేయుట తటస్థించెను. పరిశోధన సహాయకుని పని యేదో పలువురకు తెలియదు. అద్భుతములు కనిపెట్టుట అతని దినచర్య కాదు. గాజుపాత్రలు కడుగుట, ద్రావకములను సరిగా తూచి కలుపుట, ఒకే పరీక్షను పదిమారులు, నూరుమారులు చేసి, వచ్చిన అంకెలను వచ్చినట్లు వ్రాసికొనుట – ఇదియే అతని పని. అంకె తాను కోరినట్లు రానప్పుడు దానిని దిద్దక, ఏల రాలేదని ప్రశ్నించుకొనుటయే అందు కష్టము.

రక్తమునందును, కండరములందును భాస్వరము ఎంత యున్నదో కొలుచుట ఆయనకు ఫిస్కె అప్పగించిన మొదటి పని. అప్పటికి వాడుకలోనున్న పద్ధతులు నమ్మదగినవి కావు. వీరిరువురు కొత్త పద్ధతి నొకదానిని సిద్ధపరచిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లముతో కూడిన మాలిబ్డేటును చేర్చి, మఱియొక రసాయనమును కలిపినచో అది నీలివన్నెకు తిరుగును. భాస్వరము హెచ్చుగా నున్నకొలది నీలము చిక్కనగును. ఆ వన్నెను, భాస్వరము పరిమాణము తెలిసిన ద్రవము వన్నెతో పోల్చి చూచినచో లెక్క తేలును. 1925వ సంవత్సరమున ప్రకటింపబడిన ఈ విధానము ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేర ప్రపంచమందలి పరిశోధనశాలల నన్నిటిని చేరెను. జీవరసాయనము చదువు విద్యార్థులు నేటికిని దానిని నేర్చుచున్నారు.

ఈ పద్ధతి తోడనే ఒక చిక్కు వచ్చిపడెను. భాస్వరమున్న ద్రవమున నీలివన్నె వెంటనే తేలవలెను. పిల్లి కండరమునుండి తీసిన ద్రవములో మాత్రము వన్నె ఒక్కసారిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. ఇది పద్ధతిలోని లోపమని యెంచి ద్రవమును పారబోసిన సహాయకులు ఎందరైనను ఉండవచ్చును. ఫిస్కెయు సుబ్బారావును అట్లు తలపక, ఆ ఆలస్యమునకు కారణమును వెదకిరి. కండరమునందు భాస్వరము మఱొక పదార్థముతో జతకూడి యున్నదనియు, ఆమ్లము తగిలినప్పుడు ఆ జత కొంచెము కొంచెముగా విడిపోవుచున్నదనియు, అందుచేతనే వన్నె నెమ్మదిగా వచ్చుచున్నదనియు తేలెను. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునప్పుడు అది విచ్ఛిన్నమగును. విశ్రాంతి కలిగినప్పుడు మరల నేర్పడును. 1927వ సంవత్సరమున వారు దీనిని ప్రకటించిరి. అదే సమయమున ఇంగ్లండులో ఎగ్గిల్టన్ దంపతులును ఈ పదార్థము జాడను గుర్తించిరి. కండరము లాక్టిక్ ఆమ్లము వలననే సంకోచించునన్న సిద్ధాంతము ఆ కాలమున ప్రబలముగా నుండెను. కండరములపై పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అను పండితులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఆ సిద్ధాంతపు పునాది ఈ నీలివన్నెవలన కదలిపోయెను.

రెండేండ్లకు, 1929వ సంవత్సరమున, వారు కండరమునుండి ఎ.టి.పి. యను మఱొక పదార్థమును వేరుపరచిరి. జర్మనీదేశమున కార్ల్ లోమన్ అదే సంవత్సరమున దానిని స్వతంత్రముగా కనుగొని కొంచెము ముందుగా ప్రకటించెను. మనము నడచునప్పుడును, తలచునప్పుడును, నిద్రించునప్పుడును జీవకణములలో వ్యయమగు శక్తి ఈ ఎ.టి.పి. ద్వారమున లభించునదే. 1930వ సంవత్సరమున సుబ్బారావునకు పిహెచ్.డి. పట్టము వచ్చెను.

ఇంతటి కృషి జరిగినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. ఈ పరిశోధనల ఘనత ఎవరిదను ప్రశ్న వచ్చినప్పుడు, ఫిస్కెకు హాని కలుగకుండ తన పాత్రను తానే తగ్గించి చెప్పుకొనెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆయన వేరుపరచిన మఱికొన్ని పదార్థములు ప్రకటనకు నోచుకొనక మరుగున పడినవనియు, పలువురు వాటిని పిమ్మట తిరిగి కనుగొనవలసివచ్చెననియు జార్జి హిచింగ్స్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. ఈయన ఆ శాఖలోనే పనిచేసి, 1988వ సంవత్సరమున నోబెల్ బహుమానము పొందినవాడు. సుబ్బారావు వినయము మెచ్చదగినదే. కాని దానికై ఆయన చెల్లించిన మూల్యము అధికమైనది.

1940వ సంవత్సరమున ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్‌లో నున్న లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. అచట పరిశోధనాధ్యక్షుడయ్యెను. ఒకప్పుడు ఒక్కరి క్రింద సహాయకుడుగా నున్నవాడు, ఇప్పుడు పెక్కుమంది సహాయకులను నడపవలసివచ్చెను.

పాండురోగములలో కొన్ని కాలేయపు రసము నిచ్చినచో కుదురుటను వైద్యు లెరుగుదురు. కాలేయమునందు అట్టి గుణము కలిగించు పదార్థమేదో కనుగొనవలెనని సుబ్బారావు హార్వర్డులో నున్నప్పటినుండియు శ్రమించుచుండెను. మన దేశమందును దీనికి సంబంధించిన కృషి జరిగినది. బొంబాయిలో గర్భిణీస్త్రీలకు వచ్చు రక్తహీనత ఈస్టు సారముచే నయమగుచున్నదని లూసీ విల్స్ అను వైద్యురాలు 1931వ సంవత్సరమున తెలిపెను. అందులోని పదార్థమే ఆకుకూరలలోను కలదని తేలి, 1941వ సంవత్సరమున దానికి ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను. అయితే టన్నులకొలది పదార్థమునుండి తీసినను అది లభించునది లేశమాత్రమే. దానిని శుద్ధిచేసి, నిర్మాణమును తెలిసికొని, రసాయనములనుండి స్వయముగా తయారుచేసినగాని రోగులకు ఉపయోగపడదు. లెడర్లీ బృందము 1945వ సంవత్సరమున ఆ కార్యమును సాధించెను. ఆ పత్రికలో సుబ్బారావు పేరు సహచరుల పేర్ల నడుమ వరుసలో నొకటిగా మాత్రమే కానవచ్చును.

మరుసటి సంవత్సరమున టాం స్పైస్ అను వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో దీవులలో స్ప్రూ రోగులకు ఈ ఫోలిక్ ఆమ్లము నిచ్చి చూచెను. ఆకలి పుట్టెను; నోటిపూత మానెను; రక్తము పుంజుకొనెను. సోదరునికి దక్కని మందు పాతికయేండ్లు దాటిన పిదప పరుల కందినది. కాలేయమునందలి రెండవ పదార్థము, ప్రాణాంతకమైన పాండువును కుదుర్చునది, సుబ్బారావునకు చిక్కలేదు. అది బి–12 విటమిను. 1948వ సంవత్సరమున ఇతరులు దానిని వేరుపరచిరి.

ఫోలిక్ ఆమ్లమువలన జీవకణములు వృద్ధిపొందును గదా. దానిని పోలినదై, దాని పనిని అడ్డగించు పదార్థము నిచ్చినచో, హద్దుమీరి పెరుగు కణములు ఆగవా? బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు వచ్చిన పసిపిల్లలకై అట్టి మందును కోరగా, సుబ్బారావు బృందము అమినోప్టెరిన్ మొదలగువానిని చేసి పంపెను. 1948 జూను నెలలో ఫార్బర్ ప్రకటించిన ఫలితములలో 16 మంది పిల్లలకు గాను 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము కొంతకాలమే నిలిచినది. అయినను ఆ రోగము మందుకు లొంగుట అదియే మొదలు. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వాడుచున్నారు.

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులకు బోదవ్యాధి క్రిములు సోకెను. దానికి మందు వెదకుచు లెడర్లీవారు ఎలుకలపై అనేక పదార్థములను పరీక్షించి, 1947వ సంవత్సరమున హెట్రజాన్ అను దానిని వెలువరించిరి. బోదకాలు మన కోస్తాజిల్లాలకు, సుబ్బారావు పుట్టిన గోదావరి డెల్టాకును, పాతపగవంటిది. భారత ప్రభుత్వము 1955వ సంవత్సరమున బోదవ్యాధి నివారణోద్యమమును ప్రారంభించెను. 2004వ సంవత్సరము మొదలుకొని ఇంటింట పంచబడిన డి.ఇ.సి. మాత్రలు ఈ హెట్రజానే.

ఆ బృందముననే, డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రవేత్త, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమందలి మట్టిలో బంగారువన్నెగల సూక్ష్మజీవి నొకదానిని గుర్తించెను. దానినుండి ఆరియోమైసిన్ అను ఔషధము పుట్టెను. పెన్సిలిన్‌కు లొంగని పెక్కు క్రిములను అది నశింపజేయును. 1948 జూలై నెలలో అది లోకమునకు వెల్లడియయ్యెను.

ఆ మరుసటి నెల, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కునందలి తన గదిలో నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. హిందూదేశీయులు అమెరికా పౌరులగుటకు 1946వ సంవత్సరమున చట్టము వీలు కల్పించినను, ఆయన ఆ హక్కును పొందనేలేదు. ఇరువదియారేండ్లలో ఒక్కమారైనను మాతృదేశమునకు తిరిగిరాలేదు. శేషగిరిగారు ఆయనను మరల చూడలేదు.

1953వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రజాతికి ఆయన పేర సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995వ సంవత్సరమున, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో ఒక తపాలా బిళ్ళను వెలువరించెను.