ఎండనూ గాలినీ కొలిచిన అన్నా మణి

భిలాయ్: ఉక్కు కర్మాగారపు కొలిమి రాత్రివేళ ఆగదు, మబ్బు పట్టినా ఆగదు. భిలాయ్ ఉక్కు కర్మాగారం మరోదా జలాశయంపై 15 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టింది. మరి పొద్దు గుంకాక విద్యుత్తు ఎలా? సౌర, పవన విద్యుత్తులను జతచేసే హైబ్రిడ్ విధానం ఇందుకు ఒక సమాధానం. అయితే ఎక్కడ ఎంత ఎండ కాస్తుందో, ఏ నెలలో ఎంత గాలి వీస్తుందో లెక్క తెలియనిదే ఆ జత కుదరదు. ఆ రెండు లెక్కలనూ దేశానికి సమకూర్చిన శాస్త్రవేత్త అన్నా మణి.

ఆమె 1918 ఆగస్టు 23న తిరువితాంకూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించారు. ఎనిమిదో పుట్టినరోజున ఇంటి ఆనవాయితీగా ఇవ్వబోయిన వజ్రపు కమ్మలను కాదని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కోరుకున్నారు. చెవికి వద్దన్న వజ్రాలే తరువాత పరిశోధనాంశమయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, 1940లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు. వజ్రాలు, కెంపుల కాంతి లక్షణాలపై అయిదు పరిశోధన పత్రాలను ఒంటిగా వెలువరించారు. అయినా ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు నిరాకరించింది. ఆ నిర్ణయం సబబని నేడు ఎవరూ అనరు.

1945లో లండన్ వెళ్లి ఇంపీరియల్ కళాశాలలో వాతావరణ పరికరాల శాస్త్రం అభ్యసించారు. 1948లో తిరిగివచ్చి పుణెలోని వాతావరణ శాఖలో చేరారు. అప్పట్లో సాధారణ పరికరాలు సైతం దిగుమతి అయ్యేవి. దాదాపు 100 పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణీకరించి, స్వదేశంలోనే తయారీకి బాట వేశారు. తప్పుడు కొలత కంటే కొలవకపోవడమే మేలని ఆమె గట్టిగా నమ్మేవారు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాల వ్యవస్థను నెలకొల్పారు. తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనశాలనూ ఏర్పాటు చేశారు.

1976లో ఉప మహానిర్దేశకురాలిగా పదవీ విరమణ చేశాకనే అసలు పంట చేతికి వచ్చింది. విశాఖపట్నం, నాగపూర్ వంటి కేంద్రాలు ఏళ్ల తరబడి నమోదు చేసిన అంకెలతో 1980, 1981లలో సౌర వికిరణ గ్రంథాలు వెలువడ్డాయి. 1983లో పవనశక్తి గణాంకాల సంపుటి వచ్చింది. పాత గణాంకాలతో తృప్తిపడక, బెంగళూరు కేంద్రంగా క్షేత్ర సర్వేకు పూనుకున్నారు. గాలి బాగా వీచే తావులను వెతికి, స్తంభాలు నాటి, వేగాన్ని గంటగంటకూ నమోదు చేయించారు.

హైబ్రిడ్ విధానానికి ఆయువుపట్టు ఈ గంటల లెక్కే. వేసవిలో ఎండ మెండు. నైరుతి రుతుపవనాల కాలంలో మబ్బులు ఎండను తగ్గిస్తాయి, దక్షిణాదిన గాలి మాత్రం పుంజుకుంటుంది. గాలి రాత్రీ వీస్తుంది. ఒకటి తగ్గిన వేళ మరొకటి ఆదుకుంటే, అదే విద్యుత్ లైను ఎక్కువ గంటలు పనిచేస్తుంది. అన్ని చోట్లా ఇది సాధ్యం కాదు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో గాలి బలహీనం, అక్కడి పరిశ్రమలకు పవన విద్యుత్తు గ్రిడ్ ద్వారా బయటి నుంచే రావాలి. కర్నూలు, అనంతపురం మెట్టల్లో రెండూ సమృద్ధి. కర్నూలు ప్రాంతపు పిన్నాపురం ప్రాజెక్టు సౌర, పవన విద్యుత్తులకు నీటిని ఎత్తిపోసి నిల్వచేసే పద్ధతినీ జోడించింది.

1987లో అన్నా మణికి కె.ఆర్. రామనాథన్ పతకం లభించింది. 1994లో పక్షవాతం ఆమెను కదలనీయకుండా చేసింది. 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూశారు. ఒక వనరు సామర్థ్యం రెండోదానిలో కనీసం 25 శాతం ఉంటే హైబ్రిడ్‌గా గుర్తించే జాతీయ విధానం 2018 మే నెలలో వెలువడింది.