కులపతి రఘుపతి వేంకటరత్నం నాయుడు

కన్యాశుల్కం నాటకం పేరు వినని విద్యార్థి విజయనగరం, శ్రీకాకుళం సీమలలో ఉండడు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడి, 1909లో పెంచి రాసిన రూపంలో మనకు దక్కిన ఆ నాటకంలో గిరీశం అనే పాత్ర ఉంది. అతనికి ఇంగ్లీషు వచ్చు. ఉపన్యాసం చెప్పడం వచ్చు. దేశం దిగజారడానికి గల పదకొండు కారణాలను గురించి పూనా కళాశాలలో గంటల తరబడి ఉపన్యసించానని గొప్పలు చెప్పుకొంటాడు. ఆ ఉపన్యాసకుడే మధురవాణిని ఉంచుకొన్న మనిషి. ఆనాటి చదువుకొన్న యువకుల మాటకు, నడతకు మధ్య ఎంత దూరం ఉండేదో గురజాడ అప్పారావు ఈ పాత్ర ద్వారా చూపించి నవ్వించారు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, ఆ దూరం తన బ్రతుకులో లేకుండా చూసుకోవాలని పట్టుపట్టిన ఉపాధ్యాయుడు ఒకరు మచిలీపట్నంలోని క్రైస్తవ కళాశాలలో పాఠాలు చెబుతూ ఉండేవారు. ఆయనే రఘుపతి వేంకటరత్నం నాయుడు.

ఆయన 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. తల్లి శేషమ్మ. తండ్రి ఉద్యోగం కారణంగా బాల్యం చాలావరకు ఉత్తరాదిన గడిచింది. అందువల్ల హిందీ, ఉర్దూ, పారశీక భాషలు చిన్ననాడే అలవడ్డాయి. తరువాత కొంతకాలం హైదరాబాదులో చదివి, ఉన్నత విద్యకోసం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆయన జీవితానికి మలుపు అక్కడే వచ్చింది.

ఆ కళాశాల అధ్యక్షులు విలియం మిల్లర్. స్కాట్లండు దేశీయుడైన ఆయన 1862లోనే, అంటే వేంకటరత్నంగారు పుట్టిన ఏటనే, మద్రాసు చేరారు. మిషనరీ కళాశాల అనగానే మతం మార్చే చోటు అని తల్లిదండ్రులు భయపడే కాలమది. మిల్లర్ మాత్రం తన కళాశాల చేయవలసిన పని విద్యార్థుల మతం మార్చడం కాదనీ, ఉన్నతమైన నైతిక భావాలను దేశమంతటా వెదజల్లడమనీ నమ్మినవారు. విద్యార్థి తరగతిలో ఉండే కొద్ది గంటలు మాత్రమే అందుకు చాలవని తలచి, వసతి గృహాలు కట్టించారు. విద్యార్థుల సంఘాలను ప్రోత్సహించారు. షేక్స్పియర్ నాటకాలను నీతి దృష్టితో వ్యాఖ్యానించి పుస్తకాలు రాశారు. ఆయన బ్రతికి ఉండగానే, 1901లో, మద్రాసు నగరంలో ఆయన విగ్రహం వెలిసిందంటే శిష్యులకు ఆయనపై ఎంతటి గౌరవమో ఊహించవచ్చు. వేంకటరత్నంగారు ఆ గురువు వద్ద ఆంగ్ల సాహిత్యంతోపాటు బైబిలును కూడా శ్రద్ధగా చదివారు. క్రీస్తు జీవితం ఆయన మనస్సును గాఢంగా ఆకర్షించింది. అయినా ఆయన క్రైస్తవ మతం పుచ్చుకోలేదు. మన్నవ బుచ్చయ్య పంతులుగారి ప్రభావంతో బ్రహ్మసమాజంలో చేరారు. ఒకే దేవుడు, కులభేదం లేని మానవకుటుంబం, విగ్రహం లేని ప్రార్థన, ఇవి ఆ సమాజపు మూలసూత్రాలు. 1891లో ఎం.ఏ. పట్టం పొందిన తరువాత కొంతకాలానికి ఆయన జన్మస్థలమైన మచిలీపట్నానికి వచ్చి నోబుల్ కళాశాలలో ఉపన్యాసకులయ్యారు.

ఈ కళాశాల చరిత్ర కొంత తెలిసితేనే ఆయన పని విలువ అర్థమవుతుంది. రాబర్టు నోబుల్ అనే ఆంగ్లేయ మతగురువు 1841లో మచిలీపట్నం వచ్చి, 1843లో ఒక ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. అది ముఖ్యంగా పై కులాల పిల్లలను ఉద్దేశించి పెట్టిన బడి. నోబుల్ అవివాహితుడు. భారతదేశానికి వచ్చిన తరువాత ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లకుండా 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశారు. ఆ బడిలో ప్రతిదినం బైబిలు పాఠం తప్పనిసరి. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు, అటు తరువాత శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం మొదలైన చోట్ల నెలకొన్న కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారు నడిపిన బడులలోను ఇదే పద్ధతి. వేళకు రావడం, అబద్ధమాడకపోవడం, పక్కవాని కులమేదైనా ఒకే బల్లపై కూర్చోవడం, ఇవి కాగితంపై రాసినా రాయకున్నా అక్కడ చేరిన ప్రతి విద్యార్థి పాటించవలసిన నియమాలు. వీటిలో చివరిది ఆ కాలంలో చిన్న నియమం కాదు.

తల్లిదండ్రులు ఇంగ్లీషు చదువుకోసం బైబిలు పాఠాన్ని సహించారు. కాని 1852లో నోబుల్ వద్ద చదివిన ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందడంతో పట్టణం అట్టుడికిపోయింది. బడి దాదాపు ఖాళీ అయింది. నెలలు గడిచిన మీదట పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. ఆ భయం మాత్రం పెద్దల మనస్సులలో చాలాకాలం నిలిచిపోయింది. నీతిని నేర్పే బడి మా పిల్లవానిని మాకు కాకుండా చేస్తుందా అన్న ప్రశ్న మచిలీపట్నంలోనే కాదు, మిషన్ బడి ఉన్న ప్రతి ఊరిలోను ఉండేది. ఆ ప్రశ్న అన్యాయమైనదని చెప్పలేము.

అటువంటి కళాశాలలో క్రైస్తవుడు కాని వేంకటరత్నంగారు నీతికి, శీలానికి పెద్దదిక్కుగా నిలిచారు. ఆయన పాఠం వినడానికి విద్యార్థులు ఎదురు చూసేవారు. నడతను గురించి ఆయన చెప్పినదానికంటె నడిచి చూపినది ఎక్కువ. యౌవనంలోనే భార్య మరణించగా ఆయన మళ్లీ వివాహమాడలేదు. తెల్లని దుస్తులు మాత్రమే ధరించేవారు. పురుషుడు స్త్రీ నుండి ఎటువంటి పవిత్రతను కోరుతాడో, అదే పవిత్రతను తాను పాటించాలన్నది ఆయన ప్రధాన సిద్ధాంతం. నేడు ఇది సామాన్య విషయంగా తోచవచ్చు. పెండ్లిలో భోగం మేళం లేకపోతే చిన్నతనంగా భావించే ఆ రోజులలో, పెద్ద ఉద్యోగులు సైతం బాహాటంగా వేశ్యలను ఉంచుకొనే ఆ రోజులలో, ఒక కళాశాల ఉపన్యాసకుడు ఇటువంటి మాట చెప్పడానికి గుండెదిటవు కావాలి. 1893లో మద్రాసులోని సంస్కర్తలు, వేశ్యానాట్యం ఏర్పాటైన విందులకు హాజరు కావద్దని గవర్నరును, వైస్రాయిని మహజరు ద్వారా కోరారు. ఇద్దరూ నిరాకరించారు. పాలకులు ఒప్పుకొనని ఆ నియమాన్ని వేంకటరత్నంగారు యువకులచేత ఒప్పించడానికి పూనుకొన్నారు. నాట్యమేళం ఉన్న పెండ్లికి వెళ్లమని ఆయన అనుయాయులు ప్రతిజ్ఞ చేసేవారు. బంధువుల పెండ్లి పందిరి నుండి లేచి రావడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. ఆ కాలంలో నోబుల్ కళాశాలలో చదివిన పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు తరువాత ఆంధ్రోద్యమంలోను, జాతీయవిద్యలోను, పత్రికారంగంలోను ఎంతటివారైనారో మనకు తెలుసు.

ఈ శీలోద్యమానికి మరొక పార్శ్వం కూడ ఉంది. దానిని మన విజయనగరం కవి తొలినాడే పట్టుకొన్నారు. కన్యాశుల్కంలో గిరీశానికి ఎదురుగా సౌజన్యారావు పంతులు నిలుస్తాడు. ఆయన నిజంగా మంచివాడు, వేశ్యల మొగం చూడనని నియమం పెట్టుకొన్నవాడు. అటువంటి వాని ఎదుటికి మధురవాణి వచ్చి, ఆ కులంలో పుట్టడం తన తప్పా అని ఆలోచింపజేస్తుంది. తన నియమం ఒక మనిషిని దూరం పెట్టడానికే ఉపయోగపడుతున్నదా అని ఆయన తడబడతాడు. నాట్యమే జీవనాధారమైన కుటుంబాలకు మేళాల బహిష్కారం తరువాత బ్రతుకుతెరువు ఏమిటన్న ప్రశ్నకు ఆనాటి సంస్కర్తలలో చాలామంది వద్ద సరియైన సమాధానం లేదు. వేంకటరత్నంగారి ఉద్యమాన్ని మెచ్చుకొనేవారు ఈ లోటును కూడ గుర్తించవలసి ఉంటుంది. యువకుల నడతను దిద్దడమే ఆయన దృష్టిలో ముందు రావలసిన పని.

1899లో ఆయన సికిందరాబాదులోని మహబూబ్ కళాశాలకు అధ్యక్షులుగా వెళ్లారు. కొన్ని సంవత్సరాల తరువాత కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షపదవి ఆయనను వరించింది. 1919 వరకు ఆయన అక్కడే ఉన్నారు. ఆయన పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది ఈ కాకినాడ జీవితమే.

మిల్లర్ దొర వద్ద చూసినది, నోబుల్ కళాశాలలో తాను పరీక్షించినది, ఇక్కడ అమలు పరచడానికి ఆయనకు అధికారం లభించింది. ఇది మిషన్ వారి కళాశాల కాదు, ఒక హిందూ జమీందారు పోషణలో నడిచే కళాశాల. ఇక్కడ బైబిలు పాఠం లేదు, మతమార్పిడి భయం లేదు. మిషన్ బడి నేర్పిన క్రమశిక్షణ, సత్యనిష్ఠ, కులభేదం లేని సహవాసం మాత్రం ఉన్నాయి. అంతేకాదు, నోబుల్ తన పాఠశాలను పై కులాల పిల్లల కోసం తెరిచారు. వేంకటరత్నంగారు తన కళాశాలలో నాడు అస్పృశ్యులని వెలివేయబడిన కులాల విద్యార్థులను చేర్చుకొన్నారు. స్త్రీలకు కూడ ప్రవేశం కల్పించారు. పురుషులు చదివే కళాశాలకు ఆడపిల్లను పంపడమంటే ఆనాటి కుటుంబాలకు సాహసమే. అధ్యక్షుని శీలంపై ఊరికి గల నమ్మకమే ఆ పిల్లలకు రక్షణ అయింది. ఆయన కట్టుకొన్న తెల్లబట్టకు అంతటి ప్రయోజనం ఉంటుందని, మొదట నవ్వినవారు ఊహించి ఉండరు.

జీతంలో ఎక్కువ భాగం పేద విద్యార్థుల ఫీజులకు, భోజనాలకు వెచ్చించేవారు. తల్లిదండ్రులు లేని బిడ్డలను చేరదీసి పెంచారు. ఆయన శిష్యుడైన పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు కాకినాడలో అనాథశరణాలయం స్థాపించి పోషించారు. బ్రహ్మసమాజ మందిరంలో ఆయన చేసే ప్రార్థనలకు, ఉపన్యాసాలకు విద్యార్థులే కాక పట్టణప్రముఖులు కూడ వచ్చేవారు. ఆ ఉపన్యాసాలను తరువాత శిష్యులు సంపుటాలుగా ప్రచురించారు. అవి చాలావరకు ఇంగ్లీషులో ఉన్నందున నేటి తెలుగు పాఠకునికి అంతగా అందడం లేదు. ఇది మన దురదృష్టం.

అందరు శిష్యులూ ఆయన గీసిన గీతలోనే నడిచారని అనుకోరాదు. కాకినాడలో ఆయన వద్ద చదివి, బ్రహ్మసమాజంలో చేరిన యువకులలో గుడిపాటి వెంకటచలం ఒకరు. ఆ చలమే పిమ్మట బ్రహ్మసమాజపు నీతిసూత్రాలనే ప్రశ్నించి, 1927లో మైదానం నవల రాసి తెలుగుదేశాన్ని కుదిపివేశారు. గురువు పవిత్రత అన్నదానిని శిష్యుడు బంధనం అన్నారు. అయితే స్త్రీకి ఒక నీతి, పురుషునికి ఒక నీతి ఉండరాదన్న మాట ఇద్దరిలోను వినబడుతుంది. ఆ మాట నుండి వారు నడిచిన దారులు మాత్రం వేరు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మరొక శిష్యుడు. ఆయన కాకినాడ నుండి విజయనగరం వచ్చి 1918లో పట్టం పూర్తిచేసి, పెద్దాపురం మిషన్ హైస్కూలులో ఉపాధ్యాయులయ్యారు. మిషన్ కళాశాలలో రూపుదిద్దుకొన్న గురువు వద్ద చదివిన కవి మళ్లీ ఒక మిషన్ బడిలోనే పాఠాలు చెప్పారన్న మాట.

1924లో ప్రభుత్వం వేంకటరత్నంగారికి సర్ బిరుదు ఇచ్చింది. 1925 నుండి 1928 వరకు ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు పట్టంతో సత్కరించింది. ప్రజలు మాత్రం ఆయనను కులపతి అని, బ్రహ్మర్షి అని పిలుచుకొన్నారు. చివరి సంవత్సరాలు కాకినాడలో గడిపి 1939 మే 26న కన్నుమూశారు. దేవదాసీలను ఆలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించే చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చింది 1947లో. అప్పటికి మచిలీపట్నంలో తొలి ప్రతిజ్ఞలు చేసిన యువకులలో బ్రతికి ఉన్నవారు వృద్ధులైపోయారు.