థామస్ కావర్‌హిల్ జెర్డన్

థామస్ కావర్‌హిల్ జెర్డన్ (అక్టోబరు 12, 1811 - జూన్ 12, 1872) బ్రిటిషు వైద్యుడు మరియు జంతుశాస్త్రవేత్త. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యములో వైద్యునిగా పనిచేస్తూ భారతదేశములోని పక్షులు, క్షీరదాలు, సరీసృపాలు, చేపలు, చీమలను గురించి విస్తృతముగా అధ్యయనము చేశాడు. 1862 - 1864 మధ్య వెలువడిన "బర్డ్స్ ఆఫ్ ఇండియా" ఈయన ప్రధాన రచన. ఈయన ఉద్యోగ జీవితము నేటి శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగము చేరియుండిన నాటి గంజాం జిల్లాలో ప్రారంభమైంది. ఆంధ్రదేశములో మాత్రమే నివసించే అరుదైన పక్షి కలివికోడి ఆంగ్ల నామము ఈయన పేరు మీదనే ఏర్పడింది.

బాల్యము, విద్యాభ్యాసము

జెర్డన్ ఇంగ్లండులోని డర్హం కౌంటీలో గల బిడిక్ హౌస్‌లో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డన్. వీరి కుటుంబము స్కాట్లండు సరిహద్దులోని జెడ్‌బరో సమీపాన ఉన్న బాన్‌జెడ్‌వర్డ్‌కు చెందినది. 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయములో సాహిత్య విద్యార్థిగా చేరిన జెర్డన్, అక్కడ ఆచార్య రాబర్ట్ జేమ్సన్ ప్రకృతిశాస్త్ర పాఠాలకు ఆకర్షితుడయ్యాడు. 1829లో విద్యార్థుల ప్రకృతిశాస్త్ర సంఘమైన ప్లినియన్ సొసైటీలో సభ్యుడయ్యాడు. తరువాత వైద్యవిద్య అభ్యసించి, 1835 సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జనుగా నియమితుడై, 1836 ఫిబ్రవరి 21న మద్రాసు చేరాడు.

గంజాం జిల్లాలో తొలి ఉద్యోగము

జెర్డన్‌కు మొదట అప్పగించిన పని గంజాం జిల్లాలో జ్వరము, రక్తవిరేచనాలతో బాధపడుతున్న సైనికులకు చికిత్స చేయడము. ఆ సమయములో గంజాం మన్యములో గుంసూరు యుద్ధము జరుగుతున్నది. కొండ ప్రాంతాలకు వెళ్ళిన సైన్యానికి యుద్ధము కంటె మన్యపు జ్వరము వలన ఎక్కువ కష్టము కలిగేది.

నాటి గంజాం మద్రాసు రాజధానిలో ఉత్తరాన చివరి జిల్లా. నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాంలోని తెలుగు ప్రాంతాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో ఇవి కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో భాగమయ్యాయి. ఒక ప్రక్క మహేంద్రగిరి మొదలైన తూర్పు కనుమలు, మరొక ప్రక్క సముద్రము, ఆ రెండింటి మధ్య ఇరుకైన మైదానము, ఉప్పునీటి చిత్తడి నేలలు ఈ ప్రాంతపు ప్రత్యేకత. కొండ పక్షులు, మైదానపు పక్షులు, నీటి పక్షులు కొద్ది దూరములోనే కనబడే ఈ జిల్లాలోనే జెర్డన్ భారతదేశపు పక్షులను పరిశీలించడము ఆరంభించాడు. తూర్పు కనుమల పక్షులతో ఈయనకు పరిచయము ఏర్పడినది ఇక్కడే.

దక్కను, నీలగిరులు

1837లో జెర్డన్ రెండవ మద్రాసు తేలికపాటి ఆశ్విక దళానికి బదిలీ అయ్యాడు. దాదాపు నాలుగేళ్ళు దక్కనులో గడిపాడు. సైనిక దళము మకాము మారినపుడల్లా కొత్త నేల, కొత్త పక్షులు ఈయన పరిశీలనకు వచ్చేవి. తొలి రోజులలో తాను సేకరించిన పక్షి చర్మాలను గుర్తింపు కొరకు స్కాట్లండులోని విలియం జార్డిన్‌కు పంపాడు. అవి అక్కడికి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి. అప్పటినుండి జెర్డన్ పక్షులను గుర్తించడములో స్వంత పరిశీలన మీదనే ఆధారపడ్డాడు.

దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను 1839 - 1840లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. ఇందులో సుమారు 420 జాతుల వివరాలున్నాయి. 1841లో ఉదకమండలములో ఫ్లోరా మాక్లియాడ్‌ను వివాహమాడాడు. ఆమెకు మొక్కలయందు, ముఖ్యముగా ఆర్కిడ్ పూలయందు ఆసక్తి ఉండేది. నీలగిరులలో ఉన్న కాలములో జెర్డన్ పశ్చిమ కనుమల పక్షులను పరిశీలించాడు.

నెల్లూరు, యానాదుల సహాయము

వివాహానంతరము జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జనుగా కొన్నేళ్ళు పనిచేశాడు. ఆంధ్రదేశానికి సంబంధించినంత వరకు ఈయన జీవితములో ఇది ముఖ్యమైన దశ. నెల్లూరు జిల్లా అడవులలో, తీరములో నివసించే యానాదుల ద్వారా ఈయన అనేక జీవుల సమాచారము సేకరించాడు. ఏ పక్షి ఏ పొదలో గూడు కడుతుంది, రాత్రి ఏ జంతువు ఏ దారిన వస్తుంది, ఏ అరుపు దేనిది అన్న విషయాలు యానాదులకు తరతరాలుగా తెలిసినవి. ఆ తెలివికి శాస్త్రీయ నామాలు, కొలతలు, ముద్రిత గ్రంథాలు జెర్డన్ వలన చేకూరాయి. అడవిలో జాడలు చూపించినవారి వ్యక్తిగత నామాలు మాత్రము గ్రంథాల కెక్కలేదు.

1843 - 1847 మధ్య మద్రాసులో "ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ" అనే 50 చిత్రాల గ్రంథాన్ని జెర్డన్ వెలువరించాడు. ఇందులోని చిత్రాలు భారతీయ చిత్రకారులు వేసినవి.

తరువాతి జీవితము

నెల్లూరు తరువాత జెర్డన్ మలబారు తీరములోని తలశ్శేరిలో పనిచేశాడు. అక్కడ చీమలపై దృష్టి సారించి, దక్షిణ భారతదేశపు చీమల పట్టికను 1851లో ప్రచురించాడు. ఎగిరి దూకే చీమ హార్పెగ్నాథస్ సాల్టేటర్‌ను శాస్త్రలోకానికి పరిచయము చేసినది ఈ వ్యాసమే. దక్షిణ భారతదేశపు మంచినీటి చేపల గురించి, సరీసృపాల గురించి కూడా వ్యాసాలు వ్రాశాడు. 1852 నుండి మధ్య భారతములోని సాగర్‌లో నాలుగవ మద్రాసు ఆశ్విక దళానికి సర్జనుగా ఉన్నాడు. 1857 తిరుగుబాటు కాలములోను అక్కడే ఉన్నాడు.

తిరుగుబాటు అణగిన తరువాత గవర్నర్ జనరల్ లార్డ్ కానింగ్, భారతదేశపు వెన్నెముక గల జంతువుల గురించి గ్రంథాలు వ్రాయడానికి జెర్డన్‌ను ప్రత్యేక విధులలో నియమించాడు. "బర్డ్స్ ఆఫ్ ఇండియా" ఈ విధముగా రూపొందింది. "మామల్స్ ఆఫ్ ఇండియా" 1867లో వెలువడింది. 1868లో ఉద్యోగ విరమణ చేసి, 1870లో స్వదేశానికి తిరిగి వెళ్ళాడు. 1872 జూన్ 12న లండను సమీపములోని అప్పర్ నార్‌వుడ్‌లో మరణించాడు.

బర్డ్స్ ఆఫ్ ఇండియా

ఈ గ్రంథము రెండు సంపుటాలు. రెండవ సంపుటము రెండు భాగాలుగా వచ్చింది. మొత్తము వేయికి పైగా జాతుల వర్ణన ఇందులో ఉన్నది. అంతకు పూర్వము భారతదేశపు పక్షుల సమాచారము అనేక పత్రికలలో చెల్లాచెదరుగా ఉండేది. మారుమూల ఉద్యోగము చేసే వైద్యుడు గాని, అటవీ అధికారి గాని ఒక్క పుస్తకము దగ్గర పెట్టుకొని పక్షిని గుర్తించగలగడము దీనితోనే సాధ్యమైంది.

గ్రంథములో పలు పక్షులకు తెలుగు, తమిళము, హిందీ మొదలైన భాషలలోని పేర్లు కూడా ఇవ్వబడినాయి. వేటగాండ్ర, పల్లె ప్రజల నోట వాడుకలో ఉన్న అనేక తెలుగు పేర్లు ఈ విధముగా నమోదైనాయి.

జెర్డన్ పద్ధతికి కొన్ని పరిమితులున్నాయి. ఆ కాలములో పక్షిని కాల్చి, చర్మము భద్రపరచి వర్ణించడమే పద్ధతి. ఒక పక్షి సాధారణమా, అరుదా అని మాత్రమే వ్రాసేవారు గాని, ఏ చెరువులో ఎన్ని ఉన్నాయో లెక్కించడము అరుదు. అందువలన ఈయన కాలము నుండి ఏ పక్షి ఎంత తగ్గినదో సంఖ్యలలో చెప్పడము కష్టము. ఏ పక్షి ఎక్కడ ఉండేదో చెప్పడానికి మాత్రము ఈయన గ్రంథాలు నేటికీ ఆధారము.

గ్రామములో గూడబాతుల గూళ్ళు

పెలికాన్ అని పిలువబడే గూడబాతు గురించి జెర్డన్ వ్రాసిన ఒక విషయము గమనార్హము. కర్ణాటక ప్రాంతమని నాడు పిలువబడిన దక్షిణ మైదానములోని ఒక గ్రామములో, ఇండ్ల నడుమ అంతగా ఎత్తులేని చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని, మనుష్యులకు బెదరకుండా ఉండడము ఈయన చూశాడు. చాలా కాలముగా అవి అక్కడికి వస్తున్నవని గ్రామస్థులు ఈయనకు తెలిపారు.

ఇదే దృశ్యము నేడు శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపములోని తేలినీలాపురంలో కనబడుతుంది. ప్రతి సంవత్సరము వర్షాకాలము చివర గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు ఈ గ్రామపు చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి నాటికి వెళ్ళిపోతాయి. నౌపడా ప్రాంతపు చిత్తడి నేలలు, చెరువులు వీటికి ఆహార స్థానాలు. ఇవి సైబీరియా నుండి వస్తాయని ప్రజలలో ఒక నమ్మకమున్నది. కాని గూడబాతు, ఈ కొంగ రెండూ దక్షిణ, ఆగ్నేయ ఆసియా జాతులే. గ్రామస్థులు వీటిని అతిథులుగా భావించి హాని తలపెట్టరు. ఇచ్ఛాపురం వద్ద తేలుకుంచిలో నత్తలను తినే చిల్లుముక్కు కొంగలు ఇదే విధముగా ఊరి చెట్లపై గూళ్ళు కడతాయి.

ఇటువంటి స్థావరాలు శాశ్వతమని చెప్పడానికి వీలులేదు. 1946లో కొల్లేరు సమీపములోని ఆరేడు వద్ద కె.కె.నీలకంఠన్ పెద్ద గూడబాతుల స్థావరాన్ని చూశాడు. 1970ల నాటికి అది అంతరించింది. తేలినీలాపురంలో 2021 చివర, 2022 మొదట్లో వందకు పైగా గూడబాతులు మరణించాయి. చేపల ద్వారా సోకిన నులిపురుగులు ఇందుకు కారణమని గుర్తించారు. మామూలుగా ఎన్ని పక్షులు వస్తాయో, ఎన్ని గూళ్ళలో పిల్లలున్నాయో లెక్క ఉన్నప్పుడే ఇటువంటి నష్టము ఎంతటిదో తెలుస్తుంది. గూళ్ళను లెక్కించడము, క్రింద పడిన పిల్లలను రక్షించడము, మరణాలను నమోదు చేయడము వంటి పనులు నిత్యమూ పక్షులను చూస్తూ ఉండే స్థానికుల సహాయము లేనిదే సాగవు. దేశవ్యాప్తముగా 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుతున్న నీటి పక్షుల గణన కూడా స్వచ్ఛంద కార్యకర్తల మీదనే ఆధారపడి ఉన్నది.

కలివికోడి

జెర్డన్ సేకరించిన పక్షులలో మిక్కిలి ప్రసిద్ధమైనది కలివికోడి. నెల్లూరు, కడప ప్రాంతాల పొద అడవులలో దీనిని ఈయన కనుగొన్నాడు. 1848లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం పర్యవేక్షకుడు ఎడ్వర్డ్ బ్లైత్ దీనిని కొత్త జాతిగా వర్ణించాడు. రాత్రివేళ పొదల మధ్య నేలపై పరుగెత్తుతూ పురుగులను తినే ఈ పక్షిని పగలు చూడడము దుర్లభము. 1900లో అనంతపురం సమీపములో కనబడిన తరువాత ఎనభై ఐదేళ్ళు దీని జాడ తెలియలేదు. అంతరించిందనే చాలామంది భావించారు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతములో దీనిని తిరిగి కనుగొన్నాడు. పక్షిని ఆ రాత్రి పట్టి తెచ్చినది స్థానిక వేటగాడు. శాస్త్రజ్ఞులు చిత్రాలు చూపి గ్రామాలలో విచారించగా, ఈ పక్షి తమకు తెలుసునని చెప్పినవారు అక్కడి ప్రజలే. ఆ తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. 1988లో భారత తపాలా శాఖ కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

2000ల దశకములో ఇక్కడ జరిగిన పరిశోధన, వన్యప్రాణి పరిశీలన ఎంత ఓపికతో కూడినదో తెలుపుతుంది. పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారిన తరువాత దానిపై పడిన పాదముద్రలను సహాయకులు పరీక్షించేవారు. వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు అమర్చేవారు. సూర్యాస్తమయము తరువాత కొద్దిసేపు మాత్రమే వినిపించే కూతను నమోదు చేసేవారు. ఈ సమాచారము ఉన్నందువలననే, తెలుగుగంగ కాలువ పనులు పక్షి నివాసము గుండా సాగకుండా దారి మార్చాలని కోరడము సాధ్యమైంది. కాలువ మార్గము మార్చబడింది. అయినప్పటికీ 2000ల చివరినుండి అనేక సంవత్సరములు ఈ పక్షి ధ్రువమైన దర్శనము లభించలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దీని కూతను తిరిగి నమోదు చేశారు. ఇది అంతర్జాతీయ జాబితాలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతి.

గుర్తింపు

కలివికోడితో పాటు ఒక ఆకుపిట్ట, ఒక డేగ, ఒక భరతపక్షి, ఒక విషసర్పము మొదలైన అనేక జీవులకు జెర్డన్ పేరు పెట్టబడింది. రాబర్ట్ వైట్ ఒక దక్షిణ భారత మొక్కల ప్రజాతికి జెర్డోనియా అని పేరు పెట్టాడు. యానాదుల పేరుగాని, రెడ్డిపల్లి వేటగాండ్ర పేరుగాని ఏ పక్షికీ లేదు. అయినను జెర్డన్ 1840లలో నెల్లూరులో అనుసరించిన మార్గమే, అనగా అడవిని ఎరిగిన స్థానికులను అడిగి, వారు చూపినదానిని వ్రాసి ఉంచడమే, 1986లో కలివికోడిని తిరిగి కనుగొనడానికి దోహదపడింది.